మూడు స్తంభాలు పరుగు, మూడు స్తంభాలు నడక



పరుగంటే ఇష్టమున్నవాళ్ళకు ఈ ప్రసంగంతో పెద్దగా పనిలేదు. వాళ్ళు ఈపాటికే బూట్లు బిగించుకుని రోడ్డెక్కి ఉంటారు. డాక్టరుగారు గట్టిగా చెప్పారనో, పిల్లలు పోరుతున్నారనో, రెండంతస్తులు ఎక్కేసరికి ఆయాసం వస్తోందనో పరుగెత్తాలని అనుకుంటూ, అనుకున్న ప్రతిసారీ మనసు వెనక్కి లాగేవాళ్ళు ఉన్నారు చూశారూ, నా మాటలన్నీ వాళ్ళతోనే.

నేను చాలా ఏళ్ళుగా మా ఊరి కాలేజీ గ్రౌండులో పొద్దున్నే పరుగెత్తుతున్నాను. అక్కడికి కొత్తగా వచ్చేవాళ్ళను గమనించడం నాకు అలవాటైపోయింది. వారం తిరక్కుండా మానేసినవాళ్ళను చూశాను, ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నవాళ్ళనూ చూశాను. మానేసినవాళ్ళకు పట్టుదల లేదని నలుగురూ అంటారు. నాకలా అనిపించలేదు. చలిలో, చీకట్లో అలారం పెట్టుకుని లేచి వచ్చిన మనిషికి పట్టుదల లేదని ఎలా అంటాం? నేను చూసినంతవరకు, మానేసినవాళ్ళలో దాదాపు అందరూ మొదటిరోజే తమ శక్తికి మించిన వేగంతో పరుగెత్తినవాళ్ళు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ఎందుకంత వేగంగా పరుగెత్తుతారు? మనం చూసిన పరుగు అదొక్కటే కాబట్టి. బడిలో వంద మీటర్ల పందెం, కదిలిపోతున్న బస్సు వెంట పరుగు, ఇంకా కొంచెం పెద్దయ్యాక పోలీసు సెలక్షన్ల పరుగు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కానిస్టేబుల్ ఉద్యోగాలకు నోటిఫికేషన్ పడిందంటే చాలు, కాలేజీ గ్రౌండ్ల రూపే మారిపోతుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి కుర్రాళ్ళూ అమ్మాయిలూ బైకుల మీద, షేర్ ఆటోల్లో చీకటితోనే దిగుతారు. మగపిల్లలు పరుగెత్తవలసింది 1600 మీటర్లు, అంటే 400 మీటర్ల ట్రాకు మీద నాలుగు రౌండ్లు. గీత దగ్గర ఒకాయన స్టాప్‌వాచీ పట్టుకుని సెకన్లు అరుస్తుంటాడు. చివరి రౌండులో ఆ పిల్లల మొహాలు చూస్తే నాకు కడుపులో దేవినట్టవుతుంది. ఆ పరుగు వెనక ఒక ఇల్లుంటుంది, కోచింగు కోసం చేసిన అప్పుంటుంది, ఈసారి తప్పితే దాటిపోయే వయసుంటుంది. వాళ్ళు అలా పరుగెత్తక తప్పదు.

సరిగ్గా అదే సమయానికి నలభై అయిదేళ్ళ గుమాస్తాగారు ఒకరు గేట్లోంచి లోపలికి వస్తారు. కొత్త బూట్లు, కొత్త టీషర్టు. పక్కనుంచి ఈ పిల్లలు దూసుకుపోతుంటే ఆయన కాళ్ళు తెలియకుండానే వాళ్ళ వేగాన్ని అందుకోబోతాయి. సగం రౌండు తిరిగేసరికి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడిపోతారు. గొంతు మండుతుంది, డొక్కలో పొడిచినట్టుంటుంది. ‘పరుగు మన ఒంటికి పడదులే’ అని అప్పటికప్పుడే తీర్పు ఇచ్చేసుకుంటారు. నిజానికి ఆయన ఒంటికి పడనిది ఆ వేగం. పరుగేమిటో ఆయనకింకా తెలియనే తెలియదు.

ఆ సగం రౌండులో శరీరం లోపల ఏం జరుగుతుందో తెలిస్తే చాలా భయం పోతుంది. పరుగు మొదలైన క్షణం నుంచే కాళ్ళ కండరాలకు ఆక్సిజన్ ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి. కానీ గుండె, ఊపిరితిత్తులు, రక్తనాళాలు కలిసి అంత ఆక్సిజన్‌ను అందించే స్థాయికి చేరడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అలవాటు లేని ఒంటికి ఇంకాస్త ఎక్కువే. వీధి చివర బోరింగు కొట్టగానే నీళ్ళు పడవు కదా, నాలుగు దెబ్బలు ఉత్తినే కొట్టాలి, ఇదీ అంతే. ఈలోగా కండరాలు ఉన్నదానితో సర్దుకుంటాయి, ఆ లోటు మనకు ఆయాసంగా తెలుస్తుంది. మొదటి మూడు నిమిషాల ఇబ్బంది రోజూ పరుగెత్తేవాళ్ళకూ ఉంటుంది, నాకూ ఉంటుంది. అది గడిచాక ఊపిరి కుదురుకుంటుందని మాకు తెలుసు, కొత్తవాళ్ళకు తెలియదు. పైగా వేగంగా మొదలుపెడితే ఆ కుదురుకునే ఘడియ రానే రాదు. అందుకే ముందు అయిదు నిమిషాలు చురుగ్గా నడవమంటారు. ఆ నడకలోనే గుండె సగం దారి వచ్చేసి ఉంటుంది.

నెమ్మదిగా పరుగెత్తడమనేది పెద్దవయసువాళ్ళకు చేసిన వెసులుబాటని అనుకోకండి. ప్రపంచమంతా జాగింగ్ పాకిందే ఈ నెమ్మదితనం వల్ల. న్యూజిలాండులో ఆర్థర్ లిడియార్డ్ అనే శిక్షకుడు ఉండేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులిద్దరు, పీటర్ స్నెల్ 800 మీటర్లలో, మరే హాల్‌బర్గ్ 5000 మీటర్లలో, ఒకేరోజు బంగారు పతకాలు తెచ్చారు. అంతటి మేటి పరుగుగాళ్ళను తయారుచేసిన మనిషి ఆ తర్వాత ఆక్లాండ్ నగరంలో మధ్యవయసు వ్యాపారులను, గుండెపోటు వచ్చి తేరుకున్నవాళ్ళను కూడా పరుగులోకి దించాడు. వాళ్ళకు పెట్టిన షరతు ఒక్కటే: పక్కవాళ్ళతో కబుర్లాడుతూ పరుగెత్తగలగాలి.

1962 చివర్లో అమెరికా నుంచి బిల్ బవర్‌మన్ అనే ఆయన లిడియార్డ్‌ను చూడటానికి వచ్చాడు. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో పేరుమోసిన కోచ్ ఆయన. నాలుగు నిమిషాల లోపే మైలు పరుగెత్తే కుర్రాళ్ళను తీర్చిదిద్దినవాడు, తర్వాత నైకీ కంపెనీని స్థాపించిన ఇద్దరిలో ఒకడు. అప్పటికి ఆయనకు యాభై ఒక్కేళ్ళు. ఒక ఆదివారం ఆక్లాండు జనంతో కలిసి ఆయన కూడా గుట్టెక్కే దారిలో పరుగు మొదలుపెట్టాడు. కాసేపటికే వెనకబడ్డాడు. డెబ్బై దాటిన ఒక పెద్దాయన, గతంలో గుండెజబ్బు చేసి బతికి బయటపడ్డ మనిషి, తన వేగం తగ్గించుకుని ఈ మహా కోచ్‌కు తోడుగా, మాట్లాడుతూ పరుగెత్తాడు. బవర్‌మన్ మాట్లాడే స్థితిలో లేడు. జీవితమంతా పరుగు నేర్పినవాడు స్టాప్‌వాచీ పట్టుకుని గట్టున నిలబడ్డాడే గానీ, తన ఒంటికి ఏ పరుగు సరిపడుతుందో ఆ రోజుదాకా చూసుకోలేదు. ఒరెగాన్ తిరిగి వెళ్ళాక మామూలు జనంతో, ఇళ్ళల్లో ఉండే ఆడవాళ్ళతో, ఉద్యోగులతో నెమ్మది పరుగు మొదలుపెట్టించాడు. ఒక గుండె డాక్టరుతో కలిసి 1967లో ‘జాగింగ్’ అనే పుస్తకం వేశాడు. అది లక్షల్లో అమ్ముడుపోయింది. ఇవాళ మనం కేబీఆర్ పార్కు చుట్టూ, విశాఖ బీచ్ రోడ్డు మీద చూసే పరుగుకు ఆ ఆదివారపు గుట్ట దారితో చుట్టరికం ఉంది.

అయితే ఎంత నెమ్మదిగా? మీరు పరుగెత్తుతూనే ‘సాయంత్రం వచ్చేటప్పుడు రైతుబజార్లో బెండకాయలు, కొత్తిమీర పట్టుకురండి’ అని ఒక పూర్తి వాక్యం ఊపిరి తెగకుండా చెప్పగలగాలి. మధ్యలో ఆగి గాలి పీల్చుకోవలసి వస్తే వేగం ఎక్కువైనట్టే. జపానులో ఫుకువోకా విశ్వవిద్యాలయం ప్రొఫెసరు హిరోఆకి తనాకా మొహంలో నవ్వు చెదరకుండా పరుగెత్తగల వేగమే సరైన వేగమని ప్రచారం చేశారు. ఆయన పద్ధతిలో కొత్తవాళ్ళు గంటకు నాలుగైదు కిలోమీటర్ల వేగంతో, అంటే చురుగ్గా నడిచే మనిషికి సమానంగా పరుగెత్తుతారు. అడుగులు చిన్నవి, నేలకు దగ్గరగా, చప్పుడు లేకుండా. పక్కన నడిచేవాళ్ళు మిమ్మల్ని దాటిపోయినా నష్టమేమీ లేదు.

కొత్తవాళ్ళకోసం తయారైన పథకాల్లో బాగా వ్యాప్తిలోకి వచ్చిందొకటి ఉంది. 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ దాన్ని తయారుచేశాడు. తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులు. తర్వాత బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్యశాఖ కూడా దాన్ని తీసుకుని తమ ప్రజలకు ఉచితంగా అందించింది. మొదటి వారం ఎలా ఉంటుందో చెబుతాను. అయిదు నిమిషాలు చురుకైన నడక. తర్వాత ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక. ఇలా మార్చి మార్చి ఇరవై నిమిషాలు. అంతే, ఇంటికి వెళ్ళిపోవచ్చు. రెండో వారం ఒకటిన్నర నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. అలా పెంచుకుంటూ పోతే తొమ్మిదో వారానికి ఆగకుండా అరగంట.

ఫోనులో టైమరు చూసుకుంటూ పరుగెత్తడం కొందరికి చిరాకు. వాళ్ళకు నేను కరెంటు స్తంభాలు చూపిస్తాను. మూడు స్తంభాల దూరం పరుగు, మూడు స్తంభాల దూరం నడక. మన వీధుల్లో అది ఇంచుమించు ఆ నిమిషం లెక్కకే వస్తుంది. స్తంభంలో ఇంకో సుగుణం ఉంది, అది కళ్ళకు కనిపిస్తుంది. ఎంతసేపు పరుగెత్తాలి అనే బెంగకంటే ఆ ట్రాన్స్‌ఫార్మరు పక్కనున్న స్తంభం దాకా వెళ్ళాలి అనే ఆలోచన ఒంటికి తేలికగా ఉంటుంది.

ఈ తొమ్మిది వారాల పథకంతో నాకొక పేచీ ఉంది. అయిదో వారం మూడో రోజున అది ఉన్నట్టుండి ఇరవై నిమిషాలు ఏకబిగిన పరుగెత్తమంటుంది. అదే వారం మొదటి రోజున ఒక్కో విడత అయిదు నిమిషాలే. ఇరవై అయిదేళ్ళవాళ్ళు గెంతేస్తారు. నలభై దాటి, కాస్త బరువుండి, మనసొప్పక వచ్చినవాళ్ళలో చాలామంది ఆ గడప దగ్గరే ఆగిపోవడం చూశాను. వాళ్ళకు నేను చెప్పేది: తొమ్మిది వారాలు పదహారు కానివ్వండి, ఇరవై కానివ్వండి. కష్టమనిపించిన వారాన్ని మళ్ళీ చేయండి. మిమ్మల్ని ఏ సెలక్షన్ బోర్డూ పిలవలేదు. జీవితాంతం పరుగూ నడకా కలిపే చేస్తానన్నా బాగానే ఉంటుంది. మారథాన్లలో కూడా అలా పూర్తిచేసేవాళ్ళు వేలల్లో ఉన్నారు.

ఇక అలవాటు సంగతి. ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని ఎక్కడో విని, ఇరవై రెండో రోజున కూడా మంచం దిగబుద్ధి కాకపోతే తమలోనే ఏదో లోపముందని చాలామంది కుంగిపోతారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిని తీసుకుని, ఒక్కొక్కరూ ఒక్కో చిన్న అలవాటు చేసుకుంటుంటే రోజూ నమోదు చేయించారు. మధ్యాహ్నం భోజనంతో ఒక పండు తినడం, రాత్రి భోజనానికి ముందు పావుగంట పరుగెత్తడం, ఇలాంటివి. 2009లో వెలువడిన ఆ ఫలితాల్లో, ఆలోచించకుండానే చేసేసే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. తిండికీ నీళ్ళకూ సంబంధించినవాటి కంటే వ్యాయామానికి ఎక్కువ రోజులు పట్టింది. మధ్యలో ఒకరోజు తప్పినా అలవాటు పడటానికి చెప్పుకోదగ్గ అడ్డేమీ రాలేదని కూడా వాళ్ళు గమనించారు. ఈ చివరిమాట నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. పెళ్ళికి వెళ్ళొచ్చారు, జ్వరం వచ్చింది, అమ్మవారి జాతర వచ్చింది, నాలుగు రోజులు పోయాయి. పోనివ్వండి. అయిదో రోజు మళ్ళీ మొదటి స్తంభం దగ్గర నిలబడండి.

ఆ అధ్యయనంలో అందరూ తమ కొత్త పనిని రోజూ జరిగే ఇంకో పనికి ముడివేశారు. దీని బలం ఏమిటో నేను మా వీధిలో చూశాను. ఒక అక్కయ్య ఉన్నారు, బ్యాంకు ఉద్యోగం, నలభై ఆరేళ్ళు. షుగరు హద్దు దగ్గరికి వచ్చిందని డాక్టరు హెచ్చరించారు.

‘నావల్ల కాదు తమ్ముడూ, మేడెక్కితేనే ఒగర్పు’ అన్నారు.

‘పరుగు మాట పక్కన పెట్టండక్కా. ఆ పాలబూతు దగ్గరున్న స్తంభం దాకా రండి, చాలు’ అన్నాను.

ఆవిడకు అసలు అడ్డంకి ఆయాసం కాదని రెండు రోజుల్లో నాకు అర్థమైంది. మా వీధికి కుళాయి నీళ్ళు పొద్దున్న అయిదున్నరకు వస్తాయి, ఆరుంపావుకు ఆగిపోతాయి. ఆ వేళకు ఇంట్లో లేకపోతే ఆ రోజు గడవదు. తర్వాత టిఫిను, మూడు క్యారేజీలు. పొద్దున్నే అయిదింటికి లేచి పరుగెత్తమని పుస్తకాలు రాసేవాళ్ళకు ఈ కుళాయి సంగతి తెలియదు. ఆవిడే దారి వెతుక్కున్నారు. బాబును స్కూలు బస్సెక్కించడానికి ఏడుంపావుకు ఎలాగూ వీధి చివరికి వెళ్ళాలి. చెప్పులకు బదులు బూట్లు వేసుకుని వెళ్ళడం మొదలుపెట్టారు. చుడీదారు, చున్నీ నడుముకు బిగించి ముడి. బస్సు కదలగానే ఇంటివైపు తిరక్కుండా చెరువుగట్టు వైపు తిరుగుతారు. సోమ, బుధ, శని. ఇరవై అయిదు నిమిషాల్లో ఇంట్లో ఉంటారు. ‘ఇవాళ వెళ్ళాలా వద్దా’ అనే ప్రశ్న పుట్టే చోటే లేకుండా చేసుకున్నారు, ఎందుకంటే బస్సు ఎలాగూ వస్తుంది.

జనం చూపులు మాత్రం ఆవిడను బాధపెట్టాయి. మన ఊళ్ళలో పెద్దవయసు ఆడమనిషి పరుగెడుతుంటే ఎవరికో ఏదో అయిందనుకుంటారు. మొదటివారం కిరాణాకొట్టాయన బయటికి వచ్చి ‘ఏమైందమ్మా, అంతా క్షేమమేనా?’ అని అడిగాడట. పాపం ఆయన మంచిగానే అడిగాడు, ఆవిడ మాత్రం సిగ్గుతో చచ్చిపోయారు. మూడోవారానికి ఆయన తల ఎత్తి చూడటం మానేశాడు. రెండు నెలలకు, ఆవిడ ఒకసారి రెండు రోజులు వరసగా కనిపించకపోతే, ‘ఒంట్లో బాగోలేదామ్మా?’ అని అడిగాడు. వీధి కూడా అలవాటు పడుతుంది. దానికీ కొన్ని రోజులు ఇవ్వాలి.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. అది నాలుగైదు వారాల తర్వాత, అంతా బాగున్నప్పుడు వస్తుంది. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే అలవాటుపడతాయి. ఎముకలు, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఊపిరి ఆడుతోంది కదా అని ఒక్కసారిగా దూరం రెట్టింపు చేస్తారు, రోజూ పరుగెత్తడం మొదలుపెడతారు. మోకాలి కింద, కాలి ముందువైపు ఎముక వెంట నొప్పి మొదలవుతుంది. పరుగులో ప్రతి అడుగుకూ మన బరువుకు రెండు మూడు రెట్లు కాలిమీద పడుతుంది మరి. అందుకే రోజు విడిచి రోజు. ఆ మధ్యరోజు విశ్రాంతి శిక్షణలో భాగమే. ఎముక గట్టిపడేది అప్పుడే. అలసటతో వచ్చే కండరాల సలుపు రెండు రోజుల్లో పోతుంది. ఒకేచోట వేలుపెట్టి చూపించగలిగే నొప్పి, అడుగేస్తే ఎక్కువయ్యే నొప్పి ఉంటే ఆగిపోవాలి, డాక్టరుకు చూపించుకోవాలి.

పరుగెత్తితే మోకాళ్ళు అరిగిపోతాయని చాలామంది మనసులో ఉంది. 2017లో వెలువడిన ఒక పెద్ద సమీక్షలో, ఆరోగ్యం కోసం మామూలుగా పరుగెత్తేవాళ్ళలో 3.5 శాతం మందికి తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల కనిపించింది. అసలు పరుగెత్తకుండా కూర్చునేవాళ్ళలో అది 10.2 శాతం. పోటీల కోసం ఏళ్ళ తరబడి తీవ్రంగా పరుగెత్తినవాళ్ళలో 13.3 శాతం. మనం మాట్లాడుకుంటున్న మూడు స్తంభాల పరుగు ఏ కోవలోకి వస్తుందో మీకు తెలుస్తూనే ఉంది. ఇప్పటికే కీళ్ళు అరిగి నొప్పి ఉన్నవాళ్ళు, బాగా బరువున్నవాళ్ళు కొన్ని నెలలు నడకతోనే గడిపి తర్వాత పరుగు కలుపుకోవడం మేలు. నలభై దాటి బీపీ, షుగరు ఉన్నవాళ్ళు, ఇంట్లో చిన్నవయసులో గుండెపోటు వచ్చినవాళ్ళున్నవాళ్ళు మొదలుపెట్టేముందు డాక్టరును కలిసి తీరాలి. పరుగులో ఛాతీ పట్టేసినట్టున్నా, ఎడమచేతిలోకో దవడలోకో నొప్పి పాకినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆపేయాలి. అది గ్యాసని సర్దిచెప్పుకోకండి.

ఇంత తక్కువ పరుగుతో ప్రయోజనం ఉంటుందా అని అడుగుతారు. అమెరికాలో 55 వేల మందికి పైగా మనుషులను సగటున పదిహేనేళ్ళపాటు గమనించి 2014లో ప్రచురించిన అధ్యయనం ఉంది. పరుగు అలవాటున్నవాళ్ళలో గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే ముప్పు 45 శాతం తక్కువగా కనిపించింది. రోజుకు అయిదు నుంచి పది నిమిషాలు, అదీ నెమ్మదిగా పరుగెత్తినవాళ్ళలో కూడా ఆ మేలు గట్టిగానే కనబడింది. పరుగెత్తేవాళ్ళకు మిగతా మంచి అలవాట్లు కూడా ఉంటాయన్నది నిజమే, పరిశోధకులు ఆ తేడాలను కూడా లెక్కలోకి తీసుకునే ఈమాట చెప్పారు.

బూట్ల గురించి ఎక్కువ మాట్లాడను. కాలికి వదులుగా కాకుండా, బొటనవేలి ముందు వేలెడంత ఖాళీ ఉండే మామూలు పరుగు బూట్లు చాలు. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. ఆడవాళ్ళకు బూట్లకంటే ముఖ్యం, ఛాతీకి గట్టి ఆధారమిచ్చే స్పోర్ట్స్ బ్రా. అది లేక నొప్పితో పరుగు మానేసి, కారణం ఎవరికీ చెప్పుకోలేకపోయినవాళ్ళు ఉన్నారు. అందుకే రేడియోలో పైకి చెబుతున్నాను.

ఎండ మన ప్రాంతంలో పెద్ద విషయం. రెంటచింతలలో, రామగుండంలో మే నెల ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. కోస్తాలో ఎండకు తోడు ఉక్క. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఉగాది నాడు మొదలుపెడతామంటారు చాలామంది. పండుగ మంచిదేగానీ ఆ తర్వాత వచ్చే రెండు నెలలూ కొత్తవాళ్ళకు కష్టం. నన్నడిగితే కార్తీకమాసం దివ్యమైన సమయం. వానలు వెనకబడతాయి, గాలి చల్లబడుతుంది, ఇంట్లో ఎవరో ఒకరు తెల్లవారకముందే లేచి దీపం పెడుతుంటారు. అప్పుడు మొదలుపెడితే శివరాత్రి దాకా నాలుగు నెలలు చల్లటి పొద్దులు దొరుకుతాయి. ఎండాకాలం వచ్చేసరికి ఒళ్ళు తయారై ఉంటుంది. వేడికి శరీరం అలవాటుపడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది కాబట్టి మార్చి చివర్లో దూరం సగానికి తగ్గించి, మెల్లగా పెంచుకోవాలి. సూర్యుడు వచ్చేలోపు ముగించాలి.

రోడ్డు మీద పరుగెత్తేవాళ్ళు ఎదురుగా వచ్చే బళ్ళు కనిపించేలా కుడిపక్కన పరుగెత్తండి. చీకట్లో లేతరంగు బట్టలు వేసుకోండి, చెవుల్లో పాటలు పెట్టుకోకండి. ఇదెందుకు చెబుతున్నానో వినండి. ఫౌజాసింగ్ గారి పేరు మీరు వినే ఉంటారు. పాస్‌పోర్టు ప్రకారం 1911లో పంజాబులోని బియాస్ పిండ్‌లో పుట్టారు. భార్య, కొడుకు పోయిన దుఃఖంలోంచి తేరుకోవడానికి లండన్‌లో పరుగు పట్టుకుని, 2000లో 89 ఏళ్ళ వయసులో మొదటి మారథాన్, 2011లో టొరంటోలో వందేళ్ళ వయసులో ఇంకొకటి పూర్తిచేశారు. అంత ఆయుష్షున్న ఆ పెద్దాయన 2025 జులైలో తన సొంత ఊరి దగ్గర రోడ్డు మీద ఒక బండి గుద్దేసి వెళ్ళిపోతే చనిపోయారు. ఆ వార్త విన్నరోజు నుంచి నా కోపం తగ్గలేదు. మన దగ్గర నడిచే మనిషికి, పరుగెత్తే మనిషికి రోడ్డు మీద చోటు లేదు.

కుక్క వెంటపడితే పరుగు పెంచకండి. ఆగి, దానివైపు తిరిగి, నెమ్మదిగా వెనక్కి నడవండి. చాలావరకు అదే వెళ్ళిపోతుంది. కరిస్తే మాత్రం ధారగా నీళ్ళు పోస్తూ సబ్బుతో పావుగంట కడిగి అదేరోజు టీకా వేయించుకోవాలి. కారం, సున్నం లాంటివి పెట్టకూడదు.

ఇంతసేపూ మనుషులు చేయవలసింది చెప్పాను. ఊళ్ళు చేయవలసిందీ కొంత ఉంది. 2004 అక్టోబరులో లండన్‌లోని బుషీ పార్కులో పాల్ సింటన్-హెవిట్ అనే ఆయన పిలిస్తే 13 మంది వచ్చి 5 కిలోమీటర్లు పరుగెత్తారు. రుసుము లేదు, ఎవరెంత నెమ్మదిగా వచ్చినా సరే. ఇవాళ అది పార్క్‌రన్ పేరుతో ఎన్నో దేశాల్లో ప్రతి వారాంతం జరుగుతోంది. దానికి కావలసిందల్లా తెరిచి ఉన్న ఒక పార్కు, కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు. విశాఖలో పొద్దున్నే కొన్ని గంటలు బీచ్ రోడ్డు మీద వాహనాలను ఆపేస్తారు, ఆ కాసేపు ముసలివాళ్ళు, పసిపిల్లలు కూడా భయం లేకుండా తిరుగుతారు. అన్ని ఊళ్ళకూ సముద్రం ఉండదు. కానీ ప్రతి మండల కేంద్రంలోనూ ఒక హైస్కూలు గ్రౌండో, జూనియర్ కాలేజీ గ్రౌండో ఉంది. చాలాచోట్ల పొద్దున్న దానికి తాళం వేసి ఉంటుంది, లేదంటే లోపల చీకటిగా ఉంటుంది, ఆడవాళ్ళు అడుగుపెట్టడానికి జంకుతారు. హెడ్మాస్టర్లకు, ప్రిన్సిపాళ్ళకు, మునిసిపల్ కమిషనర్లకు నా విన్నపం ఒక్కటే. పొద్దున్న అయిదు నుంచి ఏడున్నర దాకా, సాయంత్రం బడి వదిలాక ఎనిమిది దాకా గేటు తెరిపించండి. అవతలి మూలన ఒక దీపం పెట్టించండి. ఆడవాళ్ళకు నీళ్ళున్న మరుగుదొడ్డి ఒకటి తాళం లేకుండా ఉంచండి. ఖర్చు పెద్దదేమీ కాదు. మీ వార్డు సభ్యులు, పాఠశాల కమిటీవాళ్ళు ఒకసారి కూర్చుని మాట్లాడుకుని, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో తేల్చుకుంటే ఈ వారంలోనే అయ్యే పని.